ఎదిగే పిల్లల కుటుంబ చిత్రాలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

పిల్లవాడు పెద్దవాడయ్యే క్రమాన్ని ఇంటి నడుమ నిలిపి, చూసేవాళ్ల కళ్లు చెమర్చేలా చెప్పే సినిమాలకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. పోస్టర్ల మీద ‘కుటుంబ కథా చిత్రం’ అని వేస్తారు. సమీక్షకులు ‘ఫీల్ గుడ్ సినిమా’ అంటారు. చూసి బయటికొచ్చిన మనిషి మాత్రం ‘ఇంటిల్లిపాదీ కూచొని చూడొచ్చు’ అంటాడు. మూడింట్లో ఈ చివరి మాటే అసలు సంగతికి దగ్గర. ఈ సినిమాల్లో ఎదిగేది పిల్లవాడే అయినా, ఆ ఎదుగుదలతో పని పడేది ఇంటిల్లిపాదికీ.

భాషలోనే దీని జాడ ఉంది. కొడుకు పెద్దవాడయ్యాడని చెప్పడానికి తెలుగువాళ్లు ‘చేతికందొచ్చాడు’ అంటారు. చేయి ఎవరిది? తల్లిదండ్రులది. ‘ప్రయోజకుడయ్యాడు’ అంటే తనకే కాదు, తనవాళ్లకూ పనికొచ్చేవాడయ్యాడని. అదే ‘రెక్కలొచ్చాయి’ అన్నప్పుడు గొంతులో నిష్ఠూరం పలుకుతుంది. ఆడపిల్ల విషయంలో ‘పెద్దమనిషి అయింది’ అన్న మాట ఒంటికి సంబంధించిన ఒక్క రోజుతో ఆగిపోతుంది, ఆమె మనసు ఎప్పుడు పెద్దదైందో చెప్పే మాట విడిగా లేదు. ఎదగడం అంటే ఇంటి నుంచి విడిపోవడం అని కాక, ఇంటికి అందిరావడం అని అనుకునే సమాజం తీసే సినిమాలు వేరే రకంగా ఉంటాయి. ఫ్రాన్సువా త్రూఫో 1959లో తీసిన ‘ది 400 బ్లోస్’ చివర్లో కుర్రవాడు అన్నీ వదిలి సముద్రం దాకా పరుగెత్తుతాడు. తెలుగు సినిమాలో కుర్రవాడు సముద్రం దాకా వెళ్లినా, వెనక నుంచి నాన్న వచ్చి పక్కన నిలబడితే తప్ప కథ పూర్తయినట్టు ప్రేక్షకుడికి అనిపించదు.

ఈ వ్యాసం ఆ చిత్రాల ఆకర్షణను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాల వైపు నుంచి పరిశీలిస్తుంది. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, హైదరాబాదు నుంచి గుంటూరు వెళ్లే రైలు మార్గం మీద ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ దానిలో చేరింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వరితో రైసు మిల్లులు పెరిగాయి, వాటితో పిల్లల్ని దూరం పంపి చదివించే స్తోమత కొన్ని ఇళ్లకు వచ్చింది. రహదారి మీద ఉన్న రెండు ఊళ్లకూ ఒక వైపు హైదరాబాదు, ఇంకో వైపు విజయవాడ. రెండు చోట్లా ఇంటర్మీడియెట్ కాలేజీలు, హాస్టళ్లు. పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో ట్రంకుపెట్టె, పరుపు చుట్ట, పచ్చడి సీసాలతో బస్టాండులో నిలబడ్డ పదిహేనేళ్ల పిల్లలు ఈ ప్రాంతపు అసలైన ‘ఎదుగుదల సన్నివేశం’. బస్సు కదిలేదాకా తండ్రి కిటికీ దగ్గర నిలబడి, చెప్పాల్సింది చెప్పలేక, ‘పైసలున్నయా?’ అని మళ్లీ అడుగుతాడు. ఈ సినిమాలు ఎందుకు హత్తుకుంటాయో తెలుసుకోవాలంటే ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

మూలాలు: ప్రహ్లాదుడు, లవకుశులు, బాలవర్ధిరాజు

తెలుగు మాట్లాడే సినిమా ఒక పిల్లవాడి కథతో పుట్టింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ తొలి తెలుగు టాకీ. సురభి నాటకాల నుంచి వచ్చిన కమలాబాయి అందులో తల్లి లీలావతి. భక్తి కథగానే దాన్ని అందరూ తలుచుకుంటారు గానీ, దేవుణ్ని కాసేపు పక్కన పెడితే అది ఇంటి కథ: తండ్రి నమ్మినదాన్ని కొడుకు నమ్మడు, బడిలో పంతుళ్లు చెప్పింది వాడికి ఎక్కదు, తండ్రి కోపం హద్దు దాటుతుంది, తల్లి ఇద్దరి మధ్య నలిగిపోతుంది. మారలేని తండ్రి చివరికి నశిస్తాడు. 1967లో ఏవీయం సంస్థ తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు ఆ తండ్రిగా, చిన్నారి రోజారమణి ఆ కొడుకుగా నటించారు. కొడుకును కొండ మీంచి తోయించమన్న నోటితోనే లోపల కుమిలిపోయే తండ్రిని రంగారావు చూపించిన తీరు వల్ల, హిరణ్యకశిపుడి మీద జాలిపడిన ప్రేక్షకులు ప్రహ్లాదుణ్ని మెచ్చుకున్నవాళ్లకు తక్కువేమీ కాదని చెప్పవచ్చు.

1936లో చిత్తజల్లు పుల్లయ్య పిల్లలే నటులుగా ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ తీశారు. ధ్రువుడి బాధ తండ్రి ఒడిలో చోటు దొరకకపోవడం. నక్షత్రం కావడం కంటే ఆ ఒడి కథే పిల్లలకు గుర్తుండిపోతుంది. పుల్లయ్య 1934లో ఒకసారి, చాలా ఏళ్ల తర్వాత కొడుకు సి.ఎస్. రావుతో కలిసి మరోసారి ‘లవకుశ’ తీశారు. 1963 మార్చి 29న విడుదలైన ఆ రెండో ‘లవకుశ’ తెలుగులో పూర్తి నిడివి తొలి రంగుల చిత్రం. తండ్రి ఎవరో తెలియకుండా పెరిగిన కవల పిల్లలు తండ్రి గుర్రాన్నే కట్టేసి, తండ్రి సైన్యంతోనే పోరాడి, తండ్రి సభలో తల్లి కథ పాడి వినిపిస్తారు. రాముడు దేవుడైనా ఆ పిల్లల ముందు తప్పు చేసిన తండ్రిగా నిలబడాల్సి వస్తుంది. తరాలుగా తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు ఈ సినిమాకు ఏడ్చింది సీత కోసమే అయినా, వాళ్లకు ఊరట ఇచ్చింది మాత్రం తల్లి తరఫున అడగగలిగేంతగా పెరిగిన ఆ పిల్లలే.

పల్లెల్లో బుర్రకథగా, వీధి నాటకంగా ఆడిన బాలనాగమ్మ కథ కూడా ఇదే కోవది. మాయల ఫకీరు ఎత్తుకుపోయిన తల్లిని, ఆమె ముఖం కూడా ఎరగని కొడుకు బాలవర్ధిరాజు వెతికి తెచ్చుకుంటాడు. 1942లో జెమిని సంస్థకు పుల్లయ్యే దీన్ని తెరకెక్కించారు, కాంచనమాల బాలనాగమ్మ. ఇంట్లోంచి బయల్దేరిన పసివాడు లోకాన్ని గెలిచేది లోకం కోసం కాదు, అమ్మను ఇంటికి తేవడానికి.

కోదాడ కాంతారావు

ఈ ప్రాంతం తెలుగు సినిమాకిచ్చిన పెద్ద నటుడు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టారు. నాటకాలు ఆడి, మద్రాసు చేరి, 1953లో ‘ప్రతిజ్ఞ’తో కథానాయకుడయ్యారు. ఆ అవకాశం ఇచ్చింది ప్రహ్లాదుడితో తెలుగు టాకీని ప్రారంభించిన హెచ్.ఎం. రెడ్డే. ఆ తర్వాత బి. విఠలాచార్య చిత్రాల్లో కత్తి పట్టిన రాకుమారుడిగా ఆయన్ను పల్లె జనం సొంతం చేసుకున్నారు. ‘కత్తి కాంతారావు’ అన్న పేరు అలా వచ్చిందే. ‘లవకుశ’లో లక్ష్మణుడు కూడా ఆయనే, అన్న మాట కాదనలేక వదినను అడవిలో వదిలిపెట్టి కుమిలిపోయే తమ్ముడు. 2009 మార్చి 22న కన్నుమూశారు.

జానపద చిత్రాలను కత్తియుద్ధాల సినిమాలుగా, మంత్రాల సినిమాలుగా తీసిపారేయడం సినిమా చరిత్రకారుల అలవాటు. అది సరికాదు. వాటిలో చాలావాటి ఎముకల గూడు ఎదుగుదల కథే. రాజ్యం పోయిన ఇంట్లో పుట్టిన పిల్లవాడు తానెవరో తెలియకుండా పెరుగుతాడు, గురువు దగ్గర విద్య నేరుస్తాడు, గుహలూ దెయ్యాలూ దాటతాడు, చివరికి చెరలో ఉన్న తల్లి దగ్గరికో, కళ్లు పోయిన తండ్రి దగ్గరికో చేరతాడు. 1963లో విఠలాచార్య తీసి కాంతారావు నటించిన ఒక చిత్రం పేరే ‘గురువును మించిన శిష్యుడు’. చేలో కలుపు తీసొచ్చి, సాయంత్రం టూరింగు టాకీసు గుడారంలో నేల మీద కూచున్న కూలి మనిషికి ఆ రాకుమారుడు రాజు కొడుకుగా కనిపించడు. రేపు తన కొడుకు అలా కష్టాలు దాటి తన దగ్గరికి వస్తాడన్న ఆశగా కనిపిస్తాడు. ఆ ఆశే నేడు కత్తీ కిరీటం విప్పేసి స్కూలు యూనిఫారం వేసుకుంది, అంతే తేడా.

పిల్లల నుంచి పెద్దలు నేర్చుకునే వరుస

1960ల నుంచి 1990ల దాకా వచ్చిన కొన్ని చిత్రాలను ఇక్కడ వేగంగా తలుచుకుంటే చాలు. 1966 నాటి ‘లేత మనసులు’లో కుట్టి పద్మిని ద్విపాత్రలో కవల పిల్లలుగా నటించి విడిపోయిన తల్లిదండ్రుల్ని కలుపుతుంది. ఆ కథకు వేరు జర్మన్ రచయిత ఎరిక్ కాస్ట్నర్ 1949లో రాసిన పిల్లల నవలలో ఉంది, హాలీవుడ్, తమిళం మీదుగా తెలుగు చేరింది. ఇన్ని సరిహద్దులు దాటినా చెక్కుచెదరలేదంటే కారణం ఒకటే: పెద్దవాళ్ల పంతం ముందు పిల్లలు నిస్సహాయులు కాకూడదన్న కోరిక అన్ని దేశాల్లోనూ ఒకటే. 1970లో బాపు తీసిన ‘బాలరాజు కథ’లో మహాబలిపురం శిల్పాలు చూపించే పిల్లవాడు బండల మీద చెక్కిన నీతుల్ని బతుకులో పరీక్షించి చూస్తాడు. 1996లో గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ తీశారు. 1997లో గుణశేఖర్ పిల్లలతోనే తీసిన ‘రామాయణం’ ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది, రాముడు నేటి జూనియర్ ఎన్టీఆర్.

వీటి నడుమ కాసేపు ఆగాల్సింది కె. విశ్వనాథ్ ‘స్వాతికిరణం’ దగ్గర. 1992లో వచ్చిన ఈ చిత్రంలో పల్లెటూరి పిల్లవాడు గంగాధరం పాట ముందు మహా విద్వాంసుడు అనంతరామశర్మ అసూయతో కుంగిపోతాడు. మమ్ముట్టి గురువు, టీవీలో ‘మాల్గుడి డేస్’ స్వామిగా దేశమంతా ఎరిగిన మంజునాథ్ శిష్యుడు, కన్నకొడుకులా వాణ్ని చూసుకునే గురుపత్నిగా రాధిక. గురువు మారడు కాబట్టి పిల్లవాడు బతకడు. మనసును ఆహ్లాదపరిచే చిత్రాల వరుసలో దీన్ని చేర్చవచ్చా అని అడగవచ్చు. తప్పకుండా చేర్చాలి. పెద్దవాళ్లు ఎదగకపోతే ఏమవుతుందో ఇది చూపించింది కాబట్టే, పెద్దవాళ్లు ఎదిగిన సినిమాల్లోని తీపికి విలువ తెలిసింది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతకు ఈ చిత్రాలన్నీ ఎదురు నిలుస్తాయి. వీటిలో మొక్క నిటారుగానే ఉంటుంది, వంగాల్సింది మాను.

2006 ఆగస్టు 9న విడుదలైన ‘బొమ్మరిల్లు’ ఈ విషయాన్ని దాపరికం లేకుండా తెర మీద పెట్టింది. భాస్కర్ తొలి చిత్రం అది. అందులో తండ్రి, అంటే ప్రకాశ్‌రాజ్ పాత్ర, చెడ్డవాడు కాదు. కొడుకు చొక్కా రంగు దగ్గర నుంచి పెళ్లి దాకా అన్నీ తానే ప్రేమగా ఎంపిక చేస్తాడు. నడక నేర్పడానికి పట్టుకున్న చెయ్యిని ఎప్పుడు వదలాలో తెలియని మనిషి. పతాక సన్నివేశంలో సిద్ధార్థ్ పాత్ర ఇన్నేళ్లుగా మింగిన చిన్న చిన్న కోరికల్ని ఒక్కొక్కటిగా బయటపెడుతుంది. పెద్ద అన్యాయం ఒక్కటీ ఉండదు, అన్నీ చిన్నవే. ఆ చిన్నవే ప్రేక్షకుడి గొంతులో అడ్డం పడ్డాయి. తెలుగు ఇంట్లో తండ్రి కొడుకుకు క్షమాపణ చెప్పడం అరుదు. ఆ మాట అవసరమైన ఇళ్లు మాత్రం ఎన్నో. తెర మీద ఒక తండ్రి విన్నాడు, ఒప్పుకున్నాడు అన్నది చాలామంది కొడుకులకు తమ ఇంట్లో జరగనిది జరిగినట్టు ఉంది. అదే చిత్రం 2008లో తమిళంలో మళ్లీ వచ్చింది.

‘జెర్సీ’ ఈ సంబంధాన్ని తిప్పి చూపింది. గౌతమ్ తిన్ననూరి తీసిన ఈ 2019 చిత్రంలో ఉద్యోగం పోయిన మాజీ క్రికెటర్ అర్జున్‌కు 36 ఏళ్లు. కొడుకు పుట్టినరోజుకు అడిగిన భారత జట్టు జెర్సీ కొనడానికి 500 రూపాయలు దొరకవు. లోకమంతా తనను ఓడిపోయినవాడిగా చూస్తుంటే, కొడుకు కళ్లలో మాత్రం తాను ఇంకా చిన్నబోలేదన్న ఒక్క సంగతి అతణ్ని మైదానంలోకి తోస్తుంది. ఎదిగేది ఇక్కడ తండ్రి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

2024 సెప్టెంబరు 6న వచ్చిన ‘35 – చిన్న కథ కాదు’ ఈ వరుసలో అన్నిటికన్నా నిండైనది. నంద కిశోర్ ఈమాని దర్శకుడు, కథాస్థలం తిరుపతి. ఒకటి పక్కన సున్నా పెడితే పది ఎలా అవుతుంది, విలువే లేని సున్నాకు ఆ బలం ఎక్కడిది అని అరుణ్ అడుగుతాడు. లెక్కల మాస్టారు పిల్లల్ని మార్కులతోనే పిలుస్తాడు, అరుణ్ ఆయనకు ‘జీరో’. తండ్రి బస్సు కండక్టరు. చదువు పెద్దగా అబ్బని తల్లి సరస్వతి, కొడుక్కి చెప్పడం కోసం తానే మళ్లీ లెక్కలు నేర్వడం మొదలుపెడుతుంది. నివేదా థామస్ ఈ పాత్రకు తెలంగాణ ప్రభుత్వ గద్దర్ పురస్కారాల్లో ఉత్తమ నటిగా ఎంపికయింది. ఈ కథలో పిల్లవాడి ప్రశ్న మొద్దు ప్రశ్న కాదు, గణితాన్ని నిజంగా ప్రేమించేవాడు అడగాల్సిన ప్రశ్న. దాన్ని మొద్దుతనంగా లెక్కగట్టిన బడిని సినిమా తప్పుబట్టింది, కానీ బడిని శత్రువుగా నిలబెట్టలేదు. మార్కుల కాగితం చూసి రాత్రి అన్నం తినకుండా పడుకున్న ప్రతి పిల్లవాడి ఇంట్లోనూ ఈ సినిమా చూడాలి. వాడి కోసం కాదు, వాడి అన్నం కంచం ముందు కేకలేసిన పెద్దవాళ్ల కోసం.

అదే ఏడాది జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆదిత్య హాసన్ ధారావాహిక ‘90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ సినిమా కాకపోయినా ఇక్కడ చేరాలి. శివాజీ లెక్కల మాస్టారు తండ్రిగా, వాసుకి తల్లిగా నటించారు. మళ్లీ మళ్లీ వచ్చే ఉప్మా, రూపాయి రూపాయికీ లెక్క, ర్యాంకుల పోలిక. పెద్ద సంఘటన ఏదీ జరగని ఆ ఇల్లు ఇంతమందికి తమ ఇల్లులా కనిపించడమే దాని బలం.

మల్లేశం: ఉమ్మడి నల్లగొండ సొంత కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లు ‘మన జిల్లా కథ’ అని చెప్పుకోగలిగిన చిత్రం 2019 జూన్ 21న వచ్చింది. రాజ్ రాచకొండ దర్శకత్వం వహించిన ‘మల్లేశం’, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం. శారాజీపేట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది గానీ, కథ జరిగిన కాలంలో నల్లగొండ జిల్లానే.

పోచంపల్లి రకం చీరకు నూలు అద్దకానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవడం ఆ పని. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఇంట్లో ఈ పని ఆడవాళ్లది. మల్లేశం తల్లి లక్ష్మికి భుజం నొప్పి పట్టుకుంది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన కొడుకు ఆ నొప్పి చూడలేక యంత్రం తయారు చేయాలనుకున్నాడు. 1992లో మొదలుపెట్టి 1999లో పూర్తి చేశాడు. ఏడేళ్లు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మి ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఈ కథలో అన్నీ ఉన్నాయి, కానీ అన్నీ సినిమా పద్ధతికి విరుద్ధంగా ఉన్నాయి. చదువు మానేసిన పిల్లవాడు. అప్పులు. పనికిమాలినవాడన్న పేరు. ఊళ్లో నవ్వులు. పట్నం పోయి కూలి చేస్తూ, ఆగిపోయిన మేకు దగ్గర మళ్లీ మొదలుపెట్టడం. ప్రియదర్శి మల్లేశంగా, ఝాన్సీ తల్లిగా, అనన్య నాగళ్ల భార్య పద్మగా నటించారు. కథా రచయిత పెద్దింటి అశోక్ కుమార్ రాసిన మాటల్లో తల్లి కొడుకును దీవించేటప్పుడు, తిట్టేటప్పుడు, భయపడేటప్పుడు ఒకే భాష ఉంటుంది, మగ్గం గుంటలో పుట్టిన తెలంగాణ భాష.

ఈ భాష సంగతి చిన్నది కాదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ మాట హాస్యగాడికో రౌడీకో దక్కేది. ఇంట్లో తల్లి ‘బిడ్డా’ అని పిలిచే, పిల్లలు తండ్రిని ‘నాయినా’ అని పిలిచే ప్రేక్షకుడికి, తెర మీద ప్రేమగా మాట్లాడే తల్లిదండ్రులంతా వేరే యాసలో మాట్లాడేవారు. తమ ఇంటి భాషలో ఆప్యాయత వినబడటమే ఒక ఆకర్షణ. ఆంధ్ర సరిహద్దున ఉన్న కోదాడలో రెండు వైపుల మాటలూ కలగలిసి వినిపిస్తాయి కాబట్టి అక్కడి చెవికి తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ బాన్సువాడ అమ్మాయి భానుమతితో ఆ తలుపు తీసింది. 2021లో ఉదయ్ గుర్రాల ‘మెయిల్’ ఇంకా లోపలికి వెళ్లింది. మహబూబాబాద్ జిల్లా కంబాలపల్లిలోకి కొత్తగా కంప్యూటర్ వచ్చిన రోజుల్లో, దాన్ని ముట్టుకోవాలని తపించే రవి అన్న కుర్రవాడి కథ ఇది. అతనికి లాటరీ తగిలిందని ఒక మెయిల్ వస్తుంది, ఆ మోసాన్ని నిజమని నమ్మిన అమాయకత్వం చుట్టూ స్నేహాలూ అప్పులూ తిరుగుతాయి. ఏడిపించకుండా, నీతి చెప్పకుండా అమాయకత్వం పోయే ఘడియను ఇంత మెత్తగా చూపిన తెలుగు చిత్రాలు అరుదు.

2023 మార్చి 3న వేణు యెల్దండి ‘బలగం’ వచ్చింది. తాత కొమురయ్య చనిపోతాడు, పిండాన్ని కాకి ముట్టదు. ఎప్పుడో నల్లిబొక్క దగ్గర మొదలైన పంతంతో విడిపోయిన కొడుకులు, బిడ్డ, అల్లుడు కలిస్తే తప్ప ముట్టదు. మనవడు సాయిలు అప్పుల్లో మునిగి, తాత చావును కూడా తన పెళ్లికి అడ్డంగా లెక్కవేసినవాడు, పదకొండు రోజుల్లో మనిషవుతాడు. అతని వయసు పదిహేను కాదు గానీ ఎదుగుదల కథకు వయసు అడ్డం కాదు. 2018లో వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ స్కూలు పిల్లవాడి నుంచి 49 ఏళ్ల అటెండరు దాకా సాగి అదే రుజువు చేసింది. ‘బలగం’ను తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి జనమంతా కూచొని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలిసిన వార్తలు పత్రికల్లో వచ్చాయి. టూరింగు టాకీసు పోయిన దశాబ్దాల తర్వాత నేల మీద కూచొని సినిమా చూసే అలవాటు ఒక వేసవికి తిరిగొచ్చింది. కాసర్ల శ్యామ్ ఈ చిత్రంలోని ఊరి పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు.

‘మల్లేశం’, ‘మెయిల్’, ‘బలగం’, ‘35’ నాలుగింటిలోనూ ప్రియదర్శి ఉన్నాడు: కొడుకుగా, ఊరి కంప్యూటర్ యజమానిగా, మనవడిగా, లెక్కల మాస్టారుగా. అందగాడిగా కాక పక్కింటి మనిషిలా ఉండే ఒక ముఖం ఈ రకం సినిమాలకు గుర్తు కావడం యాదృచ్ఛికం కాదు. మనవాడు అనిపించని వాడి ఎదుగుదల మనల్ని కదిలించదు.

చూసే తీరు

ఈ చిత్రాల బలంలో సగం వాటిని ఎవరి పక్కన కూచొని చూశామన్నదాంట్లో ఉంది. సంక్రాంతికో దసరాకో హాస్టలు నుంచి వచ్చిన కొడుకును తీసుకొని ఇంటిల్లిపాదీ ఫస్ట్ షోకు పోతారు. తండ్రీ కొడుకులు పక్కపక్కన కూచుంటారు. ఎదురెదురుగా కూచుంటే చెప్పుకోలేని మాట చీకట్లో, ఒకే వైపు చూస్తూ, తెర మీద మనుషులు చెబుతుంటే ఇద్దరూ వింటారు. ఒకరి కళ్లు ఒకరు చూడనక్కర్లేదు. ఇంటికి వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తరు, కానీ మర్నాడు బస్టాండులో తండ్రి పైసల ప్రశ్న అడిగే గొంతు కొంచెం మారుతుంది. 2017 సంక్రాంతికి వచ్చిన సతీశ్ వేగేశ్న ‘శతమానం భవతి’, పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల కథ, పండగకు ఇల్లు చేరిన ప్రేక్షకులకు తగిన సమయంలో తగిలింది, జాతీయ స్థాయిలో ఉత్తమ జనరంజక చిత్రమైంది.

పిల్లల సినిమాకు విడిగా మార్కెట్ లేదన్నది వ్యాపార సత్యం. 1955లో ఏర్పడిన బాలల చిత్ర సమితి సినిమాలు మామూలు థియేటర్ల దాకా పెద్దగా రాలేదు. 1999 నుంచి చాలా ఏళ్లు హైదరాబాదు ‘గోల్డెన్ ఎలిఫెంట్’ అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి వేదికగా ఉన్నా, సూర్యాపేట పిల్లవాడికి మజిద్ మజీది ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’ చూసే వీలు అంతగా దొరకలేదు. ఒక్క జత బూట్లను అన్నాచెల్లెళ్లు వంతులవారీగా వేసుకొని బడికి పరుగెత్తే ఆ ఇరాన్ కథ ఇక్కడి ఏ ప్రభుత్వ బడి పిల్లవాడికీ వివరించనక్కర్లేదు. ఇప్పుడు ఓటీటీ వల్ల ఆ దూరం తగ్గింది. ‘మెయిల్’ ఆహాలోనే వచ్చింది. కానీ ఫోన్‌లో ఒక్కడే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూసే ‘35’ వేరు, తల్లి పక్కన చూసే ‘35’ వేరు.

తక్కువ చెప్పినవి

ఈ చిత్రాల తీపిలో కొన్ని సంగతులు కరిగి కనిపించకుండా పోతాయి. మొదటిది ఆడపిల్ల. పైన తలుచుకున్న పేర్లు చూస్తే ఎదిగేది ఎక్కువగా కొడుకే, త్యాగం చేసేది ఎక్కువగా తల్లే. భానుమతి తండ్రిని విడిచి పోనని మొండికేసినప్పుడు ఆ వరుస కొంత మారింది. రెండోది కులం. ఇంట్లో అందరూ మంచివాళ్లే అయితే, ఆ మంచితనం వీధి చివర ఆగిపోయే చోటును చూపించే సినిమా తక్కువ. సాహిత్ మోత్కూరి ‘పొట్టేల్’ 1980ల తెలంగాణ పల్లెలో కూతుర్ని చదివించడానికి పోరాడే తండ్రిని చూపి ఆ రెండు లోపాలనూ ఒకేసారి తాకింది. 2025 మార్చిలో వచ్చిన రామ్ జగదీశ్ ‘కోర్ట్’లో 19 ఏళ్ల కుర్రవాడూ 17 ఏళ్ల అమ్మాయీ ప్రేమించుకున్నందుకు, పరువు పేరుతో ఇంటి పెద్ద చట్టాన్నే ఆయుధం చేస్తాడు. ఇంటి ప్రేమ ఎక్కడ ఇంటి పెత్తనమవుతుందో అడిగిన చిత్రం అది. ఇలాంటివి ఇంకా రావాలి. అవి రాకపోతే మిగతావాటి తీపి అబద్ధమవుతుంది.

పద్మావతి మల్లాది ‘గాంధీ తాత చెట్టు’ 2025 జనవరి 24న విడుదలైంది. తెలంగాణ పల్లెలో తాతకు మాటిచ్చిన మనవరాలు, ఆయన ప్రాణంగా చూసుకున్న చెట్టును కాపాడటానికి గాంధీ దారిలో నిలబడుతుంది. ఆ పాత్ర కోసం సుకృతి వేణి గుండు చేయించుకుంది, ఉత్తమ బాలనటిగా జాతీయ పురస్కారం పొందింది. ఆ పిల్ల ఎవరినీ ఇంటికి తిరిగి తేదు, ఎవరి చేతికీ అంది రాదు. ఊరి పెద్దల ముందు ఒంటరిగా నిలబడి వద్దంటుంది, పెద్దలు ఒక్కొక్కరే ఆమె పక్కకు వస్తారు.